విస్తరాకు పరీక్ష

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తుపాకుల గొడవ దేనికని మా ఇంట్లోనే ఆక్షేపణ వచ్చింది. న్యాయమే. నా చేతికి సుద్దముక్క కంటె పదునైన ఆయుధం ఎన్నడూ తగల్లేదు. అయినా నిరుడు వేసవి సెలవులకి పెన్సిల్వేనియాలో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడు, పొరుగింటి పెద్దమనిషి పుణ్యమా అని ఆ విద్యలో ఒక పూట శిష్యరికం చేశాను.

ఆయన కూడా బడిపంతులే, రిటైరయ్యాడు. చలికాలం ముంగిట తెల్లతోక జింకల వేటకు వెళతాడు. అదీ రైఫిలుతో కాదు, రివాల్వరుతో. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం తరవాత వేట పాత కథల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఏ నెలలో, ఏ ఆయుధంతో, ఎన్ని జింకలు అన్నది ప్రభుత్వం లెక్కగట్టి లైసెన్సు ఇస్తుంది.

"రివాల్వరుతో జింకనా? సినిమాలోలాగానా?" అన్నాను. ఆయన నవ్వి పెట్టె తెరిచాడు.

ఈ వేటకి మంచి ఊపు తెచ్చింది 1935లో వచ్చిన .357 మాగ్నమ్ తూటా. అదీ చాలదని పోరినవాడు ఎల్మర్ కీత్. ఐడహోలో పశువులు మేపుకుంటూ తుపాకులమీద వ్యాసాలు రాసిన మనిషి. ఆయన పోరు ఫలించి 1955 చివర .44 మాగ్నమ్ పుట్టింది. 1971లో 'డర్టీ హారీ' చిత్రం దాన్ని లోకప్రసిద్ధం చేసింది. దీని గుండు సాధారణంగా 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. వేగం సెకనుకి సుమారు 1,350 అడుగులు. ఘనంగానే ఉంది కదా? కాని .30-06 రైఫిలు గుండుకి ఇంచుమించు దీనికి రెట్టింపు వేగం, దాదాపు మూడింతల శక్తి. రైఫిలు ముందు రివాల్వరు పేదచుట్టమే. ఆ పేదరికం మరిచిపోకపోవడమే ఈ వేటలో మొదటి పాఠమన్నాడాయన.

మరి ఎంచుకోవడం ఎలా? పెద్ద నెంబరు చూసి కాదు, తన చెయ్యి చూసుకుని. పిడి అరచేతిలో కుదరాలి. గొట్టం ఆరేడంగుళాలైనా ఉంటే గురి నిలుస్తుంది. తుపాకీ కాస్త బరువుంటే తన్ను తగ్గుతుంది. తన్ను భరించలేనివాడికి తూటా పేలకముందే చెయ్యి అదురుతుంది. దానికి మందు కూడా ఉంది. అదే తుపాకీలో మెత్తని .44 స్పెషల్ తూటాలు వేసి అలవాటు చేసుకోవడం. మధ్యమధ్య స్నేహితుడిచేత చూడకుండా ఒక ఖాళీ తూటా పెట్టించుకుంటే, అది 'టిక్' మన్నప్పుడు గొట్టం కిందికి వాలిందో లేదో తెలిసిపోతుంది. మనిషి అబద్ధమాడినా చెయ్యి ఆడదు.

ఇక గురి సరిచేయడం. చెవులకి రక్షణ పెట్టుకుని, బల్లమీద ఇసకసంచీకి మణికట్లు ఆనించాడు. గొట్టాన్ని మాత్రం ఆనించలేదు. ఆనిస్తే దెబ్బ మారుతుందట. వేళ్ళు తూటాల చక్రం పక్కకి పోరాదు. అక్కడి సందులోంచి మండే వాయువు చిమ్ముతుంది. ముందు పాతిక గజాల్లో మూడేసి దెబ్బలు కొట్టాడు. ఒక్క దెబ్బ చూసి మరలు తిప్పకూడదు. మూడూ ఒకచోట చేరాకే సవరణ. గుండు కుడికి పోవాలంటే వెనక గాడిని కుడికే జరపాలి, పైకి పోవాలంటే పైకే. తరవాత యాభై గజాల్లో స్థిరపరిచాడు. అక్కడ సరిపోయిన గుండు నూరు గజాల్లో నాలుగైదంగుళాలు కిందికి దిగుతుంది.

కొసన ఉన్న ముల్లుకీ వెనక గాడికీ నడుమ పది అంగుళాల దూరం అనుకోండి. ముల్లు అంగుళంలో నూరోవంతు పక్కకి జరిగినా యాభై గజాల్లో దెబ్బ దాదాపు రెండంగుళాలు తప్పుతుంది. అంచేత కన్ను ముల్లుమీదే ఉండాలి, గురి మసకగా కనిపించినా సరే. పిట్ట కన్ను తప్ప మరేదీ కనపడలేదన్న అర్జునుడికి ద్రోణుడు మెచ్చాడు గాని, ఈ విద్యలో ఆ జవాబుకి మార్కులు పడవు!

అప్పుడు బల్ల వదిలేసి, మామూలుగా నిలబడి, కాగితపు పళ్ళేనికి గురిపెట్టాడు. తొమ్మిదంగుళాల పళ్ళెం, మన టిఫిను విస్తరాకంత. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే. ఎంత దూరంలో అయిదుకి అయిదూ దానిలో పడతాయో అంతవరకే తన హద్దు. నలభై గజాల్లో అయిదూ పడ్డాయి. అరవైలో ఒకటి తప్పింది.

"అయిదింట నాలుగు ఫస్టుక్లాసే కదండీ!" అన్నాను.

ఆయన నవ్వలేదు. పదేళ్ళ కిందట ఆయన సుమారు ఎనభై గజాల్లో ఒక జింకను కొట్టాడట. పడలేదు. నెత్తుటి చుక్కలు పట్టుకుని చీకటిపడ్డాక దీపంతోనూ, మర్నాడు పొద్దున్న మళ్ళీనూ వెతికాడు. దొరకలేదు. "ఆ అయిదోది ఎక్కడో బాధపడుతూ ఉంటుంది పంతులుగారూ" అన్నాడు.

దశరథుడు కంటికి కనిపించని దాన్ని చెవితో గురిచూసి కొట్టాడు. బాణం తప్పలేదు, తప్పిందల్లా హద్దు. ఏళ్ళతరబడి క్లాసులో ఆ కథ చెప్పాను గాని, ఆ పూట విన్నట్టు ఎన్నడూ వినలేదు.

తిరిగి వస్తూ ఆయన తుపాకీ పెట్టెమూత లోపల సుద్దతో '40' అని రాసుకున్నాడు. సుద్దముక్క నాదే. జేబులో ఉండిపోయింది.