అమ్మానాన్నలకిచ్చే గది

కొలరాడోలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఒక అలవాటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆర్నెల్లకి వస్తే బేస్‌మెంట్‌లో గది సర్దేస్తాం. విడిగా బాత్రూమ్ ఉంటుంది, టీవీ కాస్త గట్టిగా పెట్టుకున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు తక్కువ అద్దెకి దిగేదీ అక్కడే. నేనూ డెన్వర్‌కి పడమర కొండల్లో, ఎవర్‌గ్రీన్‌లో, అలాంటి బేస్‌మెంట్‌లోనే ఉంటున్నా. ఏడువేల అడుగుల ఎత్తు, చుట్టూ పైన్ చెట్లు. బయట గాలికి వంక పెట్టలేం. ఇంట్లో గాలి సంగతే వేరు.

ఈ కొండల రాళ్లలో యురేనియం ఉంది. అది క్షీణిస్తూ పోతే వచ్చే వాయువే రాడాన్. రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో హీటర్ వేసి తలుపులు బిగించుకుంటాం కదా, వేడి గాలి పైకి పోతుంటే కింద ఖాళీని పూడ్చడానికి ఇల్లు నేలలోంచి గాలిని లాక్కుంటుంది. నేలలో పగుళ్లు, పైపుల పక్క సందులు, అన్నీ దారులే. అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది రాడాన్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. సిగరెట్ తర్వాతి కారణం ఇదే. సిగరెట్ కూడా తాగేవాళ్లకైతే ముప్పు ఎన్నో రెట్లు.

మా నాన్నకి ఫోన్లో ఇదంతా చెబితే, "మన కరీంనగర్ల గూడ గ్రానైటే గదరా, మరి మనకేం కాలే?" అన్నాడు. మంచి ప్రశ్నే. మన ఇంటికి బేస్‌మెంట్ లేదు నాన్నా, పొద్దున లేస్తే తలుపులు, కిటికీలు బార్లా తీసే ఉంటాయి కదా అన్నా.

లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించుకోమంటుంది ఈపీఏ. కొలరాడోలో దాదాపు సగం ఇళ్లు ఆ గీత దాటినవే. పక్కింట్లో తక్కువొచ్చిందని ధీమా పడొద్దు, గోడకీ గోడకీ లెక్క మారిపోతుంది. 2023 ఆగస్టు నుంచి ఇక్కడ ఇల్లు అమ్మేవాళ్లు, అద్దెకిచ్చేవాళ్లు తమకు తెలిసిన రాడాన్ వివరాలు చెప్పాలని చట్టం. అసలు టెస్టే చేయకపోతే చెప్పడానికేం ఉంటుంది! మా ఓనరూ అంతే: "పదిహేనేళ్లుగా ఉంటున్నాం, మాకేం కాలేదు." ఆయన పడుకునేది పై అంతస్తులో.

అందుకే నేనే కిట్ తెచ్చా. చిన్న బొగ్గు ప్యాకెట్, అంతే. పన్నెండు గంటల ముందు నుంచీ కిటికీలు మూసి, మనం పడుకునే గదిలో రెండు నుంచి నాలుగు రోజులు ఉంచి, వెంటనే ల్యాబ్‌కి పోస్ట్ చేయాలి. వంటగదిలో, బాత్రూమ్‌లో పెట్టొద్దు. నాకు 7.8 వచ్చింది. ఆ కాగితం చూపించాక ఓనర్ మాట్లాడలేదు, మనిషిని పిలిపించాడు. నేల కిందికి ఒక పైపు, దానికో ఫ్యాన్, గాలిని కప్పు మీదికి వదిలేస్తుంది. మళ్లీ టెస్ట్ చేస్తే 1.3. ఈ రెండో టెస్ట్ మానొద్దు, ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఊరుకుంటే అది పని చేస్తుందో లేదో తెలీదు.

అన్నట్టు, కిట్ తెచ్చి అల్మారాలో పడేయకండి. దానికీ ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది.