ట్రాక్టరు కొనే ముందు ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి

పత్తి కట్టె పీకేశారు. మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులివి. సరిగ్గా ఈ రోజుల్లోనే షోరూం వాళ్లు కొత్త ట్రాక్టరుకు పూలదండ వేసి మన ఊరి రామాలయం ముందు నిలబెడతారు. మైకులో పాట, పిల్లలకు చాక్లెట్లు, పెద్దలకు టీ. "పాసు పుస్తకం జిరాక్సు, ఆధార్ ఇవ్వండి చాలు, వారంలో బండి మీ ఇంటి ముందుంటుంది" అంటారు. ఇంకోవైపు రోడ్డు పక్క షెడ్లలో రంగులు వేసిన పాత బండ్లు వరసగా నిలబడి ఉంటాయి. కొత్తదా, పాతదా అని మన రైతు రాత్రంతా నిద్రపోడు. నన్నడిగితే, రెండెకరాలు, నాలుగెకరాలు ఉన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. అసలు కొనాలా, అక్కర్లేదా అన్నది. ఆ మాట షోరూం వాడూ చెప్పడు, షెడ్డు వాడూ చెప్పడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా చిన్నాన్న కొడుకు సంగతితో మొదలుపెడతాను. వాడికి మూడున్నర ఎకరాలు. పదేళ్ల కిందట కొత్త బండి తెచ్చాడు. వద్దని నేను గట్టిగా చెప్పలేదు, ఆ తప్పు నాకూ ఉంది. ఇంటి ముందు బండి ఉంటే పిల్లాడికి సంబంధాలు వస్తాయని వాళ్లమ్మ ఆశ. మొదటి ఏడాది బాగానే తిరిగింది. రెండో ఏడాది ఊళ్లోకి మరో నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. కిరాయి రేటు పడిపోయింది. దున్నించుకున్న వాళ్లు "పంట రాగానే ఇస్తాం అన్నాయ్" అన్నారు. ఆ ఏడు మిరపకు ధర లేదు. చివరికి ఫైనాన్సు వాళ్లు వచ్చి బండి తోలుకుపోయిన రోజున వాడి నోటుబుక్కులో ఊరి మీద రావాల్సిన కిరాయి బాకీ తొంభై వేలు ఉంది. వాడు కట్టాల్సిన కిస్తీ డెబ్బై వేలు! వేలంలో బండికి వచ్చిన డబ్బు అప్పుకు చాలలేదు. మిగిలిన బాకీకి ఎకరం అమ్మాడు. బండి పోయింది, ఎకరం పోయింది. ఇప్పుడు మళ్లీ పక్కవాడి బండితోనే దున్నించుకుంటున్నాడు.

వాడి లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

కొత్త బండి ఆరున్నర లక్షలు అనుకుందాం. చేతి నుంచి లక్షన్నర కట్టి, ఐదు లక్షలు అప్పు తెచ్చారు. వడ్డీ ఏడాదికి 12 శాతం, ఐదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ. ఒక్కో కిస్తీ దాదాపు 68 వేలు పడుతుంది. ఏడాదికి లక్షా 36 వేలు. ఇక ఆదాయం. మీ ఊళ్లో కిరాయి గంటకు 1,200 అనుకుందాం. మీ దగ్గర ఎంతుంటే అంత వేసుకోండి. రోటవేటరు తోలితే గంటకు నాలుగైదు లీటర్ల డీజిలు తాగుతుంది, ఐదు వందలు పోయాయి. డ్రైవరుకు నూట యాభై. ఇంజినాయిలు, ఫిల్టర్లు, టైర్ల అరుగుదల, చిల్లర రిపేర్లకు ఇంకో నూట యాభై పక్కన పెట్టాలి. మిగిలేది నాలుగు వందలు. లక్షా 36 వేలను నాలుగు వందలతో భాగించండి. 340 గంటలు. కిస్తీ కట్టడానికే బండి ఏడాదిలో 340 గంటలు తిరగాలి. ఇందులో మీ సొంత పొలం పని ఎంత? నాలుగెకరాలకు రెండుసార్లు గొర్రు, ఒకసారి రోటవేటరు, రబీకి మళ్లీ కొంత. ఎంత లాగినా నలభై గంటలు దాటదు. మిగతా మూడు వందల గంటలు పరాయి పొలంలో తిరగాల్సిందే. బ్యాంకుల వాళ్ల పాత కొలమానం అయితే ట్రాక్టరుకు ఏడాదికి వెయ్యి గంటల పని ఉండాలంటుంది. అంతదూరం పోనక్కర్లేదు, ఈ మూడు వందల గంటలు మీ ఊళ్లో దొరుకుతాయా? అందుకే ముందు మీ ఊళ్లో ట్రాక్టర్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటున్నాను. మెట్ట దుక్కులు, దమ్ములు అన్నీ కలిపినా పని ఉండేది కొద్ది వారాలే. ఆ వారాల్లో అందరి బండ్లూ రోడ్డు మీదే ఉంటాయి.

ఒకవేళ గంటలు దొరికినా డబ్బు ఎప్పుడొస్తుంది? ఇదే అసలు చిక్కు. కిరాయి అరువు, కిస్తీ నగదు. ఊళ్లో మేనమామ పొలం దున్ని గట్టు మీద నిలబడి డబ్బులడగ్గలమా? "పత్తి తీశాక చూద్దాంలేరా అల్లుడూ" అంటాడు. కిస్తీ తేదీకి మాత్రం మేనమామ లేడు, అల్లుడు లేడు. నా మటుకు నేను, కిరాయి ఆదాయంలో సగమే సకాలంలో వస్తుందని లెక్క వేసుకోమంటాను. ఆ లెక్కకు కూడా బండి నిలబడితే కొనుక్కోండి, ఎవరొద్దన్నారు?

ఇంకా ఆ ఆరున్నర లక్షల్లో గొర్రు రాదు, రోటవేటరు రాదు, ట్రక్కు రాదు, కేజీవీల్స్ రావు. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, బంపరు, పైన టాపు అని ఒక్కొక్కటీ తర్వాత బయటపడతాయి. పనిముట్లు లేని ట్రాక్టరు పందిట్లో కట్టేసిన ఏనుగు. మొత్తం ఖర్చు ఒక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మని షోరూం వాణ్ని అడగండి. ఇవ్వనంటే ఇంకో షోరూముకు పొండి.

వడ్డీ దగ్గర ఒక మోసం లాంటిది ఉంది. మోసమని గట్టిగా అనలేం, కాగితం మీద అన్నీ రాసే ఉంటాయి. మావాడికి చెప్పింది "నూటికి ఎనిమిదే" అని. వాడు బ్యాంకు పన్నెండు కంటే ఇదే నయమనుకున్నాడు. అది ఫ్లాటు వడ్డీ. ఐదు లక్షలకు ఏడాదికి నలభై వేల చొప్పున ఐదేళ్లకు రెండు లక్షలు ముందే కలిపేసి, ఏడు లక్షలను పది కిస్తీలు చేశారు. కిస్తీ 70 వేలు. అసలు తీరుతూ ఉన్నా వడ్డీ తగ్గదు. బ్యాంకు తరహాలో, అంటే తగ్గే అసలు మీద లెక్కవేస్తే ఆ ఎనిమిది 13 శాతం దాటుతుంది. కాబట్టి శాతం ఎంత అని అడగొద్దు. కిస్తీ ఎంత, ఎన్ని కిస్తీలు, మొత్తం ఎంత కట్టాలి అని అడగండి. అప్పుడు ఎవరిది చౌకో చదువు రానివాడికీ తెలుస్తుంది.

ఇక పాత బండి. మూడు లక్షల్లో దొరికితే సగానికి సగం బరువు తగ్గుతుంది, నిజమే. బండి ఇంట్లో ఉంటే పదును మీద దుక్కి పడుతుంది. వాన కురిసిన మూడో రోజుకు కిరాయి బండి దొరక్క, ఐదో రోజున గడ్డలు లేచే దుక్కి చేసుకున్న బాధ ఏమిటో నాకూ తెలుసు. అందుకే ఇంట్లో సొంతంగా తోలేవాడు ఉండి, చిన్నాచితకా రిపేర్లు చేతనైతే, నా ఓటు పాత బండికే. తోలేవాడు లేని ఇంటికి పాత బండీ వద్దు, కొత్తదీ వద్దు.

అయితే పాత బండిని చూడటం పెళ్లిచూపుల్లాంటిది కాదు. రంగు చూసి మురిసిపోతే మునిగినట్టే. తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లండి. ముందు ఇంజిను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొస్తున్నారని ఒకసారి స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిను సెల్ఫుకు వెంటనే అందుకోవాలి. నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కణ్నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు, లైనర్లు అరిగిపోయాయి. సైలెన్సరు పొగ నీలంగా వస్తే ఇంజిను ఆయిలు తాగుతోంది. లోడు మీద లేకుండానే నల్లగా వస్తుంటే పంపు, నాజిళ్లు, ఎయిర్ ఫిల్టరు చూపించాలి. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిలు పాలు కలిసిన టీ రంగులో ఉందంటే నీళ్లు కలుస్తున్నాయి. ఆ బండి దగ్గర ఇక నిలబడకండి. రోటవేటరు తగిలించి లిఫ్టు పైకెత్తి, ఇంజిను ఆపి, ఒక చుట్ట కాల్చినంత సేపు ఆగండి. రోటవేటరు దానంతటదే జారి నేలకు దిగిందంటే లిఫ్టు పని ఉంది.

గంటల మీటరును నమ్మొద్దు. మీటరు మార్చడం పెద్ద పనేం కాదు. క్లచ్చు, బ్రేకు పెడళ్ల అరుగుదల చూడండి. వెనక హుక్కు రంధ్రం చూడండి. అది కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ బండి పొలం దున్నలేదు, ఇసుకో, ఇటుకో లాగింది. దమ్ములు చేసిన బండి అయితే వెనక చక్రాల దగ్గర సీళ్లు ఆయిలు కారుతున్నాయా, బ్రేకులు పడుతున్నాయా అన్నది ముఖ్యం. టైర్లు అయిపోయి ఉంటే వెనక జత ఒక్కటే నలభై వేల పైమాట, అది బేరంలో తగ్గించాల్సిందే. ఇవన్నీ చూసినా మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించే మెకానిక్కు కాదు. వాడికి ఐదు వందలు, బిర్యానీ ఇచ్చినా దండగ కాదు. బేరం కుదిరిన ధరలో ఐదో వంతు రిపేర్లకని చేతిలో ఉంచుకుని గానీ పాత బండి జోలికి పోవద్దని నా సలహా.

ఇంకో విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు ఏడు లక్షలున్న బండి ఆ లెక్కన ఆరు లక్షల 56 వేలకు రావాలి. కొత్త దాని ధర నలభై వేలు దిగినప్పుడు రెండేళ్లు వాడిన బండి ధర కూడా దిగాలా, వద్దా? షెడ్ల వాళ్లు పాత బిల్లు చూపించి "ఇది ఏడు లక్షల బండి" అంటారు. ఆ బిల్లు పక్కన పెట్టి, ఈ రోజు షోరూం ధర నుంచి బేరం మొదలుపెట్టండి.

బండి బాగుండి కాగితాలు బాగోకపోతే అది బండి కిందకు రాదు. ఆర్.సి.లో ఉన్న ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో ఒక్కొక్క అంకె చూసుకోండి. ఇంట్లో పిల్లల్ని అడిగితే సెల్‌ఫోన్లో రవాణా శాఖ వాళ్ల ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్.సి. వివరాలు చెబుతారు. ఫైనాన్సు బాకీ ఉన్న బండి అయితే అప్పు తీరినట్టు వాళ్ల ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికొచ్చేదాకా డబ్బు మొత్తం ఇవ్వకూడదు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు కావాలి. తెలంగాణ బండి ఆంధ్రకు, ఇక్కడిది అక్కడికి తెచ్చుకుంటే అక్కడి రవాణా కార్యాలయం ఎన్.ఓ.సి. కూడా ఉండాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఇసుక కేసుల్లో పట్టుబడిన బండేమో కూడా ఆ ఊళ్లో నలుగుర్ని వాకబు చేయండి.

"పేరు మార్పుదేముంది, తర్వాత చూసుకుందాం" అని నోటరీ కాగితం రాసుకుని బండి తోలుకొచ్చేవాళ్లు మన పల్లెల్లో బోలెడు మంది. ఇది కొన్నవాడికీ, అమ్మినవాడికీ ప్రమాదమే. బండి అమ్మేసినా ఆర్.సి. పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత ఆర్.సి.లో పేరున్న వాడిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవాడికి ఆ బండి మీద అప్పు పుట్టదు, ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. ఇన్సూరెన్సు అన్నాను కాబట్టి చెబుతున్నా, వ్యవసాయానికని చేసిన పాలసీలో మడ్గార్డు మీద కూర్చున్న కూలీకి జరిగినదానికి డబ్బివ్వం అని కంపెనీలు కోర్టుకెక్కుతాయి. మిరప కోతకు ట్రక్కు నిండా ఆడకూలీల్ని ఎక్కించుకెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ముగ్గురు నలుగురు కలిసి కొంటే ఎలా ఉంటుందని కొందరడుగుతారు. లెక్క ప్రకారం అదే మేలు. ముగ్గురివీ కలిపి పన్నెండు ఎకరాల సొంత పని ఉంటుంది, కిస్తీ మూడు ముక్కలవుతుంది. తగాదా వచ్చేది పదును రోజునే, ముందు ఎవరి చేను అని. దానికి ముందే చీటీలు వేసుకుని వరస రాసుకోవాలి, డీజిలు ఎవరిది వాళ్లు పోసుకోవాలి, రిపేరు సొమ్ము గంటకింత చొప్పున పక్కన పెట్టాలి. అన్నదమ్ములైనా సరే రాసుకోవాలి. రాసుకోవడానికి మొహమాటపడేవాళ్లు కలిసి కొనకపోవడమే మంచిది. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలు కూడా కొన్ని మండలాల్లో పనిచేస్తున్నాయి. మీ వ్యవసాయ అధికారిని అడిగి, ఆ బండి మీకు ఏ రోజున అందుతుందో కనుక్కోండి, కాగితం మీద కాదు, పొలంలో.

ఇంత విన్నాక కూడా పాత బండి కొనడానికే తేల్చుకున్నారా, తొందరపడి తొలకరికి కొనకండి. తొలకరికి అందరికీ బండి కావాలి, ధర ఎక్కువ చెబుతారు. దుక్కులు, దమ్ములు ముగిశాక, కిస్తీ దగ్గర పడిన వాళ్లు అమ్మకానికి పెడతారు. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. బయానా తక్కువ ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మేవాడు ఎంత దగ్గర చుట్టమైనా, ఆర్.సి. మీద మీ పేరు పడి ఇంటికొచ్చేదాకా ఆఖరి ఇరవై వేలు మీ దగ్గరే ఉంచుకోండి.