ఇటుక యింటి ముఖం



మీలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకు జాబు రాసింది. "మాస్టారూ, మా యింటి ముందు గోడ ఎర్ర ఇటుకలది. కింది భాగమంతా తెల్లగా పిండి చల్లినట్టు వున్నది. సంక్రాంతి లోపల దాని మీద సిమెంటు పూయించి రంగు వేయించాలని నాన్నగారు అంటున్నారు. ఏ రంగు వేస్తే వీధిలోకి అందంగా కనిపిస్తుంది?" అని.

చక్కని ప్రశ్నే. కాని ఆ నాన్నగారు చేయబోతున్న పని నేనూ ఒకసారి చేసి వున్నాను. అందుచేత ముందు ఆ సంగతి చెబుతాను. ఆయన మేస్త్రీకి బయానా యివ్వకముందే ఈ పత్రిక వారింటికి చేరితే బాగుండును.

మాది గోదావరి గట్టున ఒక పల్లె. ఇల్లు మా తాతగారు కట్టించినది. మా చేలోనే మన్ను తొక్కించి, ఇటుకలు కోయించి, ఊకతో కాల్పించి, గానుగ సున్నంతో గోడలు లేపించారట. ముందు గోడకు పూత లేదు. సాయంత్రపుటెండ పడితే ఆ ఇటుకలు పండిన రేగుపళ్ళలా వుండేవి. ఆ ఎరుపు ఎవరూ పూసింది కాదు సుమా! మంటిలో వున్న యినుము, ఆవంలో గాలితో కలిసి కాలినప్పుడు వచ్చిన రంగు అది. వానకు కరగదు, ఎండకు వెలవదు.

2018లో నేను ఉద్యోగం నుంచి విరమించి ఇంటికి వచ్చాను. ఊరికే కూర్చోలేక ముందు గోడను ఆనుకుని మట్టి పోయించి, మూరెడు ఎత్తున మడి కట్టించి, క్రోటన్ మొక్కలు నాటాను. రోజూ పొద్దున గొట్టం పట్టుకుని నీళ్ళు పట్టేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి గోడ మీద తెల్లని మచ్చలు లేచాయి. తడిబట్టతో తుడిపిస్తే ఆ పూటకు పోయేవి. గోడ ఆరగానే మళ్ళీ వచ్చేవి. ఇంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెళ్ళివారి కంట ఆ మచ్చలు పడకూడదని గోడంతా సిమెంటు పూయించి, పైన లేత నీలం రంగు వేయించాను. చేతిలో వున్న డబ్బులో మంచి భాగం దానికే పోయింది. ఫోటోలలో ఇల్లు దివ్యంగా పడింది.

రెండు వానాకాలాలు గడిచాయి. నీలం రంగు పొక్కులు పొక్కులుగా ఉబ్బింది. ఒకనాటి మధ్యాహ్నం చాపంత సిమెంటు పెళ్ళ ఊడి అరుగు మీద పడింది. అదృష్టవశాత్తు అప్పుడు అరుగు మీద ఎవరూ లేరు. పెళ్ళను తిప్పి చూస్తే, దాని వెనక మా తాతగారి ఇటుకల ముఖాలు అంటుకుని వున్నాయి! గోడలో మిగిలిన ఇటుకను గోటితో గీస్తే రస్కులాగా పొడి రాలింది.

మేస్త్రీకి కబురు చేశాను. అతను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. తాపీ పిడితో గోడంతా తట్టి, డొల్లగా పలికిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. తరవాత మొక్కల మడి వంక చూసి, "మాస్టారూ! దీపంలో వత్తి నూనెను పైకి ఎలా లాక్కుంటుందో తరగతిలో మీరే గదండీ మాకు చూపించారు!" అన్నాడు.

ముప్ఫయి ఏళ్ళు ఆ పాఠం చెప్పినవాణ్ణి. నాకు నోట మాట రాలేదు.

అవును. ఇటుక నిండా కంటికి కనిపించని సన్నని సందులు వుంటాయి. అవి వత్తిలోని నూలుపోగుల మాదిరిగానే నేలలోని నీటిని పైకి లాగుతాయి. ఇప్పటి ఇళ్ళకు పునాది మీద తేమను ఆపే పొర వేస్తారు. పాత ఇళ్ళలో చాలా వాటికి అది వుండదు. పైకి వచ్చే నీరు వట్టి నీరు కాదు. మంటిలోని లవణాలు, ఇటుకలోని లవణాలు దానిలో కరిగి వుంటాయి. గోడ ముఖం దగ్గర నీరు ఆవిరి అయిపోతుంది, లవణం తెల్లని పొడిగా మిగులుతుంది. ఉప్పుమళ్ళలో జరిగేదీ ఇదే.

గోడ మీద ఆ పొడి కనిపిస్తున్నంత కాలం పెద్ద భయం లేదు. తాతగారి నాటి సున్నం మెత్తనిది. తేమను దారి యిచ్చి బయటికి పంపుతుంది. సిమెంటు గట్టిది, దాని గుండా తేమ పోవడం కష్టం. దాని మీద ప్లాస్టిక్ రంగు కూడా పడితే గోడకు ముక్కూ నోరూ మూసినట్టే. అప్పుడు లవణం పైకి రాలేక పూత వెనకనే, ఇటుక సందులలోనే గడ్డకడుతుంది. స్ఫటికం పెరిగేకొద్దీ చోటు కోసం తోస్తుంది. ఆ తోపుకు ఇటుక ముఖమే పగిలి వూడుతుంది. మా గోడను పాడు చేసింది వయసు కాదు, నా క్రోటన్లూ నా సిమెంటూ.

మీరే ఒక పరీక్ష చేసి చూడండి. ఒక పొడి ఇటుకను తూచి, బరువు రాసుకోండి. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో పూర్తిగా ముంచి వుంచి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. మామూలు మంచి ఇటుక తన బరువులో నూటికి 20 పాళ్ళకు మించి నీరు పీల్చరాదని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. అంటే మూడు కిలోల ఇటుక అరకిలో పైగా నీరు తాగినా అది మంచిదే! తరవాత యింకొక పొడి ఇటుకను పళ్ళెంలో నిలబెట్టి, అడుగున అంగుళం ఎత్తు ఉప్పునీరు పోయండి. తగ్గినప్పుడల్లా కాస్త పోస్తూ వారం పది రోజులు చూడండి. తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో, తెల్లని పొడి ఎక్కడ కట్టిందో రోజూ గీత గీసి తేదీ వేయండి. (పళ్ళెం అమ్మను అడిగి తీసుకోండి.)

ఇక మా గోడకు ఏం చేశామో చెబుతాను. మొట్టమొదట మడి తవ్వి మట్టిని గోడకు దూరంగా మోయించాము. నేల వీధి వైపు వాలేటట్టు చదును చేశాము. చూరు పెంకులు రెండు పగిలి వాననీరు గోడ మీద పడుతున్నది, వాటిని మార్పించాము. ఆ వేసవి అంతా గోడను ఊరికే ఆరనిచ్చాము. ఇదే అన్నిటికంటె కష్టమైన పని, ఎందుకంటే వచ్చినవారల్లా "ఇదేమిటండీ, ఇలా వదిలేశారు?" అని అడిగేవారు! పొడిని పొడి కుంచెతోనే దులిపి, కాగితం మీద పట్టి దూరంగా పారబోశాము. తడిపితే లవణం కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

తరవాత ఇటుకల మధ్య సందులను ముప్పాతిక అంగుళం లోతు గోకి, ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక కలిపి నింపారు. తొందరగా ఆరి బీటలు వారకుండా తడి గోనెలు కప్పారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అందుకని ఓపిక పట్టాలి. రాతిసున్నం తడిపే చోటికి మాత్రం మీరు పోకండి. నీరు పడగానే అది సలసల కాగుతుంది, కంట్లో చిందితే చూపుకే మోసం.

పూత లేని ఇటుక గోడ పేదరికానికి గుర్తని కొందరు పెద్దలు అనుకుంటారు. ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన లారీ బేకర్ అనే వాస్తుశిల్పి, ఇళ్ళకే కాక పెద్ద పెద్ద సంస్థలకు కూడా పూత లేని ఇటుకలతోనే భవనాలు కట్టారు. ఆ వూళ్ళోని అభివృద్ధి అధ్యయన కేంద్రం ఆయన కట్టినదే. ఎప్పుడైనా అటు వెళితే, ఇటుకల నడుమ ఖాళీలు వదిలి గాలీ వెలుతురూ వచ్చేటట్టు పేర్చిన ఆ గోడలు చూసి రండి.

అమ్మాయీ, నీ ప్రశ్న మరిచిపోలేదు. నువ్వూ మీ నాన్నగారూ ఒక సాయంత్రం వీధికి అవతల నిలబడి మీ యింటిని చూడండి. దగ్గరగా నిలబడితే గోడ మచ్చే కనిపిస్తుంది. దూరం నుంచి అసలు సంగతులు కనిపిస్తాయి. మేము అలా చూస్తే, వేలాడే పాత వైర్లు, ఎప్పటివో మేకులు, తుప్పు పట్టిన గేటు, చదవడానికి రాని యింటి నంబరు కనిపించాయి. వాటిని సరిచేయడానికి పెద్ద ఖర్చు కాలేదు. అరుగు అంచులు సరిచేయించి, సున్నం కొట్టించి, ఎర్రమన్నుతో పట్టీలు దిద్దించాము. నందివర్ధనం, పారిజాతం గోడకు నాలుగు అడుగుల దూరంలో వేశాము. క్రోటన్లు పెరట్లోకి పోయాయి.

గోడకు ఏ రంగూ వద్దు. వేయాలనే వుంటే సున్నమే వేయించండి. రంగు డబ్బా మీ తలుపుకు దాచండి. ఎర్ర ఇటుక మధ్యన ముదురు ఆకుపచ్చ తలుపు బాగుంటుందని నాకు తోస్తుంది. మా తలుపు అదే రంగు, మా ఆవిడకు మాత్రం పసుపు కావాలని వుండేది.

ముఖాలు వూడిన ఇటుకలు మొత్తం 61. తాతగారి కొలత ఇటుకలు ఇప్పుడు దొరకవు. కూలిపోయిన మా పశువుల కొట్టం గోడలోనివి ఏరి, కడిగి, వాటి స్థానంలో పెట్టించాము. రంగు పిసరంత తేడాగా వున్నది. చూడవచ్చినవారెవరూ కనిపెట్టలేదు. నాకు మాత్రం 61 ఇటుకలూ ఎక్కడెక్కడ వున్నాయో కంఠతా వచ్చు.