దేవాలయ శిఖరం మీద నిలబడి

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మన తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఇలాంటి ఆటలను నిషేధించాయి. అయినా ఐపీఎల్ వస్తే పందేలు సాగుతూనే వచ్చాయి. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో పలువురు సినీతారలు, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అప్పుల పాలై ప్రాణం తీసుకున్న యువకుల వార్తలు చదివి 'లోకం ఇలా ఉంది' అని నిట్టూరుస్తాం. కానీ అదే ఫోన్ మన సంఘ యువకుల జేబుల్లోనూ ఉంది.

విశ్వాసి పందెం కాస్తే ప్రార్థన కూడా చేస్తాడు. ప్రభువా, ఈ ఒక్కసారి గెలిపించు, మానేస్తాను, దశమభాగం కూడా ఇస్తాను అంటాడు. యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి అపవాది అడిగింది అచ్చంగా ఇదే. దూకు, నీ తండ్రి పట్టుకుంటాడు అన్నాడు. దానికి వాక్యం కూడా చూపించాడు. దూకడం గొప్ప విశ్వాసంలా కనిపిస్తుంది. ప్రభువు మాత్రం దేవుణ్ణి శోధించకూడదన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞకు లోబడ్డాడు.

మొదటి వెయ్యి ఆశతో పెడతారు, పదో వెయ్యి భయంతో పెడతారు. పోయింది రాబట్టుకోవాలన్న ఆ ఘడియే అసలైన శోధన. అప్పుడు విధేయత అంటే పోయిన సొమ్ము పోయినట్టే వదిలేసి, యాప్ తీసేసి, నాన్న ముందు కూర్చుని అప్పు ఎంతో చెప్పడం. యోసేపు తన వస్త్రం వదిలేసి పారిపోయాడు. ఆ వస్త్రమే అతని మీద సాక్ష్యమైంది, చెరసాల దక్కింది. పానదాయకుని కల భావం చెప్పాక కూడా మరో రెండేళ్లు అక్కడే ఉన్నాడు. మన ప్రసంగాల్లో యోసేపు చాలా తొందరగా సింహాసనం దగ్గరికి చేరిపోతాడు!

కొత్త చట్టంలో మరో విషయముంది. ఆట నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవారికి 2 ఏళ్లు, 50 లక్షల వరకు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు, అతణ్ణి నష్టపోయినవాడిగా చూస్తుంది. మన సంఘంలో అతనికి ఆపాటి చోటుందా? తప్పు ఒప్పుకున్న కుర్రవాణ్ణి ముందు క్వయర్‌లోంచి తీసేస్తాం, తర్వాత మాట్లాడతాం.

యూదా ఇస్కరియోతు పాపం చేశానంటూ 30 వెండి నాణేలు తిరిగి తెచ్చినప్పుడు, అది నీ సంగతి, మాకేమిటన్నారు ప్రధాన యాజకులు. అది రక్తపు సొమ్ము గనుక కానుకపెట్టెలో వేయరాదని మాత్రం జాగ్రత్త పడ్డారు. అప్పటికే అతను వెళ్లి ఉరి వేసుకున్నాడు.

కాపరులు, పెద్దలు ఈ వారం యవ్వనస్తుల కూడికలో ఈ మాట బాహాటంగా ఎత్తాలి. అప్పులవాళ్ల జాబితా ముందేసుకుని ఆ కుర్రవాడి పక్కన కూర్చోవడానికి ఒక పెద్దమనిషిని ఏర్పాటు చేయాలి. చనిపోవాలన్న తలంపులుంటే ప్రార్థనతో పాటు టెలి మానస్ 14416కు ఫోన్ చేయించాలి.