పొగమంచును తుడిచిన పరిష్కర్తలు

పాతగ్రంథమును మరల అచ్చొత్తించు పండితుడు లేఖకుని తప్పులను దిద్దుట న్యాయమే. కాని కవి కావలెనని కూర్చిన శ్లేషను గూడ తప్పుగా నెంచి దిద్దివేసినచో దానిని పరిష్కరణ మనుటకు వీలులేదు. పేరుమోసిన వీడియో గేములను పునర్విడుదల చేయు సంస్థలు కొన్ని ఇట్టి పనియే చేసినవి. ఆటలకు సాహిత్యపుటలలో చోటేల యని కొందరు శంకింపవచ్చును. ఒక తరమువారు కథను, నగరవర్ణనమును, భయానకరసమును అనుభవించినది ఈ ఆటలలోనే. వానికిని పాఠము కలదు, పాఠభేదములు కలవు.

జపానుదేశపు కొనామి సంస్థ 1999లో ‘సైలెంట్ హిల్’ అను ఆటను వెలువరించెను. నాటి ప్లేస్టేషను యంత్రమునకు దూరపు వీథులను చూపగల శక్తి లేదు. ఆ కొరతను కప్పుటకై నిర్మాతలు ఊరినంతటిని పొగమంచుతోను చీకటితోను నింపిరి. నాలుగడుగుల అవతల ఏమున్నదో కానరాదు. చప్పుడు మాత్రము వినవచ్చును. యంత్రపు పేదరికమునుండి పుట్టిన ఆ మంచే ఆటకు ప్రాణమాయెను. 2001లో మరింత బలమైన యంత్రమునకై రెండవ భాగమును నిర్మించునపుడును దానిని వారు వదలలేదు. 2012లో రెండవ, మూడవ భాగములు స్ఫుటమైన చిత్రములతో మరల వెలువడినవి. మంచు పలుచబడెను. అది మరుగుపరచిన సరస్సు అంచులు బయల్పడెను. దారిప్రక్కనున్న ఒక పలకమీద మొదటి అక్షరములు పోయి, పిల్లల ఆహ్వానపత్రికలకు వాడు ‘కామిక్ శాన్స్’ అక్షరములు వెలసినవి.

ఇందుకు కారణము అశ్రద్ధ మాత్రమే కాదు. యంత్రమునకు ఆజ్ఞలనిచ్చు మూలరచన యొక్క తుదిప్రతి ఆ సంస్థయొద్దనే మిగులలేదు. పునర్నిర్మాతల చేతికి వచ్చినది పూర్తికాని చిత్తుప్రతి. మొదటివారు ఒకమారు దిద్దిన తప్పులనే వీరు మరల వెదకి దిద్దవలసివచ్చెను. పదేండ్లు నిండకముందే స్వహస్తప్రతి గల్లంతు! తాటాకులకు ఇంతకన్న ఆయువు ఎక్కువ.

రాక్‌స్టార్ సంస్థ 2001, 2002, 2004 సంవత్సరములలో ప్రకటించిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ ఆటలను మూడింటిని 2021 నవంబరులో ‘డెఫినిటివ్ ఎడిషన్’ అను పేర, అనగా ఇదియే ప్రమాణప్రతి యను అర్థముతో, విడుదల చేసెను. అందు వాన కురిసినచో తెల్లనిగీతలు అడ్డుపడి దారి కనబడదు. దుకాణముల పలకలమీద వర్ణక్రమము తప్పెను. ‘సాన్ ఆండ్రియాస్’ అను మూడవ ఆటలో ఒక రాష్ట్రమంతయు ఉన్నట్లు తోచుటకు కారణము దూరమున కమ్మిన మసక. దానిని తుడిచివేయగా, కొండనెక్కిన ఆటగానికి మూడు మహానగరములును ఒకే పెరటిలోని మొక్కలవలె కానవచ్చెను. ఇక శ్లేష సంగతి. ‘టఫ్ నట్’ అను డోనట్ల అంగడికి గుర్తుగా మూలములో ఆరుపలకల నట్టు, బోల్టుకు బిగించునట్టిది, నిలిపిరి. కొత్త ప్రతిలో పలకలన్నియు నునుపుదేరి అది గుండ్రని చక్రమైనది. ‘నట్’ శబ్దముమీది చమత్కారమును గ్రహింపనివారే ఈ పరిష్కరణము చేసిరనుటకు వేరే సాక్ష్యమక్కరలేదు.

అంతకన్న ఘోరమైనది వేరొకటి. కొత్త ప్రతి వెలువడుటకు ముందే, 2021 అక్టోబరులో, పాత ప్రతులను డిజిటలు అంగళ్లనుండి తొలగించిరి. కొత్తది బాగుగ లేదని పాతదానిని కొందమన్నను లేదు! ఆటగాండ్రు ఆగ్రహింపగా సంస్థ నవంబరు 19న క్షమాపణ చెప్పుకొని, కంప్యూటరుపై ఆడు పాత ప్రతులను మరల అమ్మెదమని ప్రకటించెను. మసకతో కూడిన పాత ఆకాశమును తలపించు వెలుగు 2024 నవంబరులో గాని ఆ సంపుటమునకు చేరలేదు. అంతకుముందు, 2020 జనవరిలో, బ్లిజర్డ్ సంస్థ ‘వార్‌క్రాఫ్ట్’ మూడవ ఆటకు చేసిన పునర్నిర్మాణము, పాతదానిని ఎన్నడో కొనినవారి ప్రతులను సైతము మార్చివేసెను.

మార్గము తెలియక కాదు. 1990 నాటి ‘మంకీ ఐలండ్’ ఆటను లూకాస్‌ఆర్ట్స్ సంస్థ 2009లో కొత్త బొమ్మలతో విడుదల చేయునపుడు, ఒక్క మీట నొక్కినంతనే అదే దృశ్యము పాత రూపున కనబడునట్లు అమర్చెను. మూలమును, వ్యాఖ్యానమును ఒకే పుటలో అచ్చువేయు మన సంప్రదాయమునకు అది సన్నిహితము. పునర్విడుదల చేయు ప్రతి సంస్థయు ఈపాటి చేయవలెను. పాత ప్రతి అమ్మకమునకు ఉన్నంతకాలము కొత్తది ఎంత చెడ్డదైనను నష్టము స్వల్పము.

వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన పరిశీలన ప్రకారము, అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగటిలో దొరకవు. గ్రంథాలయములు తమయొద్దనున్న ఆటలను దూరమునుండియే పరిశోధకులకు చూపుటకు అనుమతి కోరగా, ఆ దేశపు కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో నిరాకరించెను. పాత పాఠమును చూడగోరు పరిశోధకుడు ఆ ఆటయు, దానికి తగిన యంత్రమును గల ఊరికి టిక్కెట్టు కొనుక్కొని స్వయముగా పోవలసినదే.