పలక మోగాలి, కొట్టే మనిషికీ విలువ దక్కాలి

గంగ జాతరలో పలక మోగితే తిరుపతి ఊగిపోతుంది. అదే పలక మా నాయన కొడతాడని చెప్పుకోవడానికి మనలో ఎందరో వెనకాడుతున్నాం.

జపాన్ వారి డోలు 'తైకో'. 1981లో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన ఇచ్చిన 'కోడో' బృందం దాన్ని దేశదేశాల్లో వినిపించింది. తోలు పదునుచేసి ఆ డోళ్లు కట్టిన బురాకు ప్రజలను మాత్రం అక్కడి సమాజం తరతరాలుగా దూరం పెట్టింది. 1987లో ఒసాకాలోని ఆ వాడవారే 'ఇకారి' బృందం పెట్టారు. ఇకారి అంటే ఆగ్రహం. డోలు కట్టిన వాడలోనే డోలు మోగింది.

మన పలకా విదేశాలకు పోవాలి. అయితే పలక విమానమెక్కి, కొట్టేవాడు చావింటి ముందే మిగిలిపోకూడదు. మిత్రులారా! చదువుతోపాటు పలకా నేర్చుకుందాం. గౌరవంగా పిలిచిన చోటికే పోదాం. మన వార్షికోత్సవ వేదికపైనే మొదలుపెడదాం!