ఆటలో అసలు పేరెందుకు?

మొన్న అలియాబాదులో అక్కయ్యగారింటికి వెళ్ళినప్పుడు, కంప్యూటరులో ఆట ఆడుకుంటున్న మేనల్లుడు "మామయ్యా, పూర్తి పేరు అడుగుతోంది, ఇచ్చేయనా?" అన్నాడు. వద్దన్నాను. వాడికి చెప్పిన కారణమే ఇక్కడ వ్రాస్తున్నాను.

2010లో బ్లిజార్డ్ సంస్థ తన ఆటలలో ‘రియల్ ఐడీ’ అనే స్నేహపద్ధతిని ప్రవేశపెట్టింది. అందులో ఒకరిని మిత్రునిగా అంగీకరిస్తే, మన అసలు పేరు అతనికే కాక అతని మిత్రులకూ కనబడేది. చాలామంది అభ్యంతరం చెప్పారు. తరువాత ‘బ్యాటిల్‌ట్యాగ్’ అనే మారుపేరుతో స్నేహం చేసే వీలు కల్పించారు.

మనకు ఈ చిక్కు మరింత పెద్దది. ఇంటిపేరు వినగానే ఊరూ, కులమూ ఆరా తీసేవారు మనలో కొల్లలు. ఆడపిల్ల పేరు కనబడితే ఆట మాని వెంటపడేవారికీ కొదవ లేదు. ఓడిన కోపంలో ఉన్నవాడికి ఈ వివరాలన్నీ మనమే అందించాలా?

అసలు పేరుంటే మర్యాద పెరుగుతుందంటారు. ఊళ్ళో తిట్టుకునేవారంతా అసలు పేర్లతోనే తిట్టుకుంటున్నారు కదా! భాగవతుల సదాశివశంకరశాస్త్రిగారిని ఆరుద్రగానే ఆదరించినవాళ్ళం. మారుపేరును మనమే శంకిస్తే ఎలా? అసలు పేరు ఎవరికి చెప్పాలో నిర్ణయించుకొనే హక్కు ఆ పేరు గలవారిదే.

చివరికి మావాడు ‘శామీర్‌పేట సింహం’ అని పెట్టుకున్నాడు. ఊరి పేరూ వద్దురా అంటే వినడే! మీరేమంటారు?